నెట్‌వర్క్ సందేహాలు: ఎదురింటికి పోవాలన్నా గేటు దాటించే రూలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే తలనొప్పి గురించి. ఆఫీసులో రెండు ఇంటర్నెట్ లైన్లు ఉన్నాయి, ఎవరు ఏ లైనులో పోవాలో ఫైర్‌వాల్‌కు (ఆఫీసు నెట్‌వర్క్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య కాపలా ఉండే డబ్బాకు) ఎలా చెప్పాలి? బెంగళూరులో ఒక్క లైనును నమ్ముకుని ఆఫీసు నడపడం కష్టమే. ఇవాళ మెట్రో పనికి, రేపు నీళ్ళ పైపుకు, ఎల్లుండి ఇంకెవరి కేబులుకో రోడ్డు తవ్వుతారు, మన ఫైబర్ తెగుతుంది. అందుకని రెండో లైను పెట్టించుకుంటారు. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: అక్కా, వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక ఆడిటింగ్ ఆఫీసులో ఐటీ పని నేనొక్కడినే చూస్తాను. అరవై మంది ఉంటారు. స్టాటిక్ ఐపీతో (ఎప్పుడూ మారని అడ్రసుతో) 50 ఎంబీపీఎస్ లీజ్డ్ లైను (మాకొక్కరికే అద్దెకిచ్చిన లైను) ఒకటి, 300 ఎంబీపీఎస్ బ్రాడ్‌బ్యాండ్ ఒకటి. డిఫాల్ట్ రూట్, అంటే వేరే ఏమీ చెప్పకపోతే పోయే దారి, బ్రాడ్‌బ్యాండ్ మీదే ఉంది. అకౌంట్స్ వాళ్ళ బ్యాంకు పోర్టల్ మా స్టాటిక్ ఐపీ నుంచి వస్తేనే లోపలికి రానిస్తుంది. అందుకని ఫైర్‌వాల్‌లో పాలసీ రూట్ రాశాను: సోర్స్ (ఎవరి నుంచి) అకౌంట్స్ వీలాన్ (వాళ్ళకు విడిగా పెట్టిన నెట్‌వర్క్), డెస్టినేషన్ (ఎక్కడికి) ఎనీ, అంటే ఎక్కడికైనా, గేట్‌వే (బయటికి దారి) లీజ్డ్ లైను. బ్యాంకు సైటు వెంటనే తెరుచుకుంది. పది నిమిషాల్లో ప్రింటర్ రావట్లేదన్నారు. తర్వాత ఫైల్ సర్వర్ పోయిందన్నారు. సార్ గదిలో నిలబడాల్సి వచ్చింది. రూలు తీసేస్తే ప్రింటర్ వస్తుంది, బ్యాంకు పోతుంది. పెడితే బ్యాంకు వస్తుంది, ప్రింటర్ పోతుంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
(కె.ఆర్. పురం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే అంటాను. నీ తప్పంతా ఒక్క మాటలో ఉంది తమ్ముడూ: 'ఎనీ'.

మేముండే అపార్ట్‌మెంట్ రామమూర్తి నగర్‌లో. రెండు గేట్లు. ఒకటి మెయిన్ రోడ్డు మీదికి, ఇంకొకటి వెనక సందులోకి. మామూలు రౌటింగ్‌లో వాచ్‌మన్ ఒకే ప్రశ్న అడుగుతాడు: 'ఎక్కడికి?' ఫలానా చోటికి అంటే ఫలానా గేటు చూపిస్తాడు. వచ్చింది ఎవరు, ఏ ఫ్లాటు నుంచి, చేతిలో ఏముంది, ఇవేవీ పట్టించుకోడు. పాలసీ రౌటింగ్ అంటే అతని చేతికి ఇంకో నోట్‌బుక్ ఇవ్వడం. 'గ్యాస్ సిలిండర్ వాళ్ళు ఎక్కడికి పోయేవాళ్ళైనా వెనక గేటే' అని అందులో రాసి ఉంటుంది. అతను ముందు ఆ నోట్‌బుక్ తీస్తాడు. పైనుంచి కిందికి చదువుతాడు. మొదట ఏ వరుస సరిపోతే దాని దగ్గరే ఆగిపోతాడు. ఏదీ సరిపోకపోతేనే పాత పద్ధతికి, అంటే రౌటింగ్ టేబుల్‌కు వెళ్తాడు.

నువ్వు ఆ నోట్‌బుక్‌లో ఏం రాశావంటే, '302 వాళ్ళు ఎక్కడికి పోవాలన్నా మెయిన్ గేటు దాటించు' అని. 302లోని పిల్ల ఎదురుగా 305కి ఆడుకోవడానికి బయల్దేరింది. వాచ్‌మన్ నీ మాట జవదాటలేదు. పిల్లను తీసుకెళ్ళి మెయిన్ రోడ్డు మీద వదిలేశాడు.

నీ ప్రింటర్‌కు జరిగింది అచ్చంగా ఇదే. అకౌంట్స్ 192.168.20 వరుసలోనూ, ప్రింటర్ 192.168.30 వరుసలోనూ ఉన్నాయనుకుందాం. ప్రింటర్‌కు పోవాల్సిన ప్యాకెట్ (డేటా ముక్క) ఫైర్‌వాల్ దగ్గరికి వచ్చింది. రౌటింగ్ టేబుల్‌ను అడిగి ఉంటే 'పక్క గదే, పో' అనేది. కానీ అంతకంటే ముందే నీ రూలు దాన్ని పట్టుకుని లీజ్డ్ లైను ఇచ్చినవాళ్ళ రౌటర్ మీదికి నెట్టేసింది. ఈ 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉండేవి, 192.168వి అన్నీ ఎవరింట్లో వాళ్ళు వాడుకోవడానికని 1996లో ఆర్ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రంలో కేటాయించిన అడ్రసులు. బయట ఇంటర్నెట్‌లో వాటికి దారి ఉండదు. వాళ్ళ రౌటర్ చెత్తబుట్టలో వేసి ఊరుకుంటుంది. అకౌంట్స్ వీలాన్ లోపలే ఏదైనా స్కానర్ ఉంటే అది మాత్రం ఎప్పుడూ పనిచేస్తూనే ఉండి ఉంటుంది చూడు. ఒకే వీలాన్‌లో ఉన్నవి మాట్లాడుకోవడానికి ఫైర్‌వాల్ దాకా రావు, స్విచ్ దగ్గరే తేలిపోతాయి. ఈసారి ఇలాంటి గొడవ వస్తే ఏవి పనిచేస్తున్నాయో ముందు చూడు. ఏవి చేయట్లేదో తర్వాత ఎలాగూ అందరూ వచ్చి చెప్తారు.

చేయాల్సింది చిన్న పనే. నీ రూలుకు పైన ఇంకో రూలు: సోర్స్ అకౌంట్స్, డెస్టినేషన్ పైన చెప్పిన మూడు ప్రైవేటు వరుసలు, 'వీటిని దారి మళ్ళించకు, మామూలు టేబుల్‌కు వదిలేయ్'. ఫోర్టిగేట్ రకం ఫైర్‌వాల్‌లో దీన్ని స్టాప్ పాలసీ రౌటింగ్ అంటారు. పీఎఫ్‌సెన్స్ రకంలో అయితే పై రూలులో గేట్‌వే గడిని డిఫాల్ట్‌గా వదిలేయాలి, కింద రూలులోనే లీజ్డ్ లైను ఎంచుకోవాలి. పీఎఫ్‌సెన్స్‌లో ఇంకో చిక్కు కూడా ఇదే రూలుతో తీరుతుంది: మీ కంప్యూటర్లు డీఎన్‌ఎస్ (సైటు పేరుకు అడ్రసు వెతికే పని) కోసం ఫైర్‌వాల్‌నే అడుగుతుంటే, ఆ ప్రశ్న కూడా 'ఎనీ' కిందికే వచ్చి బయటికి కొట్టుకుపోతుంది. ఇంటర్నెట్ మొత్తం పోయిందని గగ్గోలు పెడతారు, పోయేది పేర్లు వెతికే పని ఒక్కటే.

అకౌంట్స్ మొత్తాన్ని కాకుండా బ్యాంకు అడ్రసుల్నే లీజ్డ్ లైనుకు పంపితే సరిపోదా అని నీకు అనిపించొచ్చు. నేను వద్దంటాను. ఇవాళ్టి సైట్లు ఒక్క అడ్రసులో కూర్చోవు, మారుతుంటాయి. ఆ జాబితా పట్టుకుని నెలనెలా నువ్వే తిరగాలి. మనుషుల్ని బట్టి విడదీయడం మొరటుగా కనిపిస్తుంది కానీ నిలబడుతుంది.

రూలు పెట్టాక నాట్ సంగతి, అంటే బయటికి పోయే ప్యాకెట్ మీద లోపలి అడ్రసు తీసి పబ్లిక్ అడ్రసు వేసే పని, చూడు. లీజ్డ్ లైనులో పోయేవి లీజ్డ్ లైను పబ్లిక్ అడ్రసుతోనే పోవాలి. నాట్ రూలులో బ్రాడ్‌బ్యాండ్ అడ్రసు చేత్తో రాసి పెట్టి ఉంటే దారి మారుతుంది, ముఖం మారదు. నీకు ఫోర్టిగేట్ ఉంటే రెండు లైన్లకూ డిఫాల్ట్ రూట్లు టేబుల్‌లో ఉన్నాయో లేదో కూడా చూసుకో. డిస్టెన్స్ రెండింటికీ ఒకటే పెట్టి, ప్రయారిటీలో తేడా చూపాలి. టేబుల్‌లో లేని దారిని చూపించే పాలసీ రూట్‌ను అది లెక్కచేయదు. రూలు కళ్ళ ముందు పచ్చగా కనిపిస్తుంది, పని మాత్రం జరగదు.

ఇక లీజ్డ్ లైను తెగినప్పుడు ఏం జరగాలి? ఇది మీ సార్ చెప్పాల్సిన మాట, నువ్వు ఊహించాల్సింది కాదు. చాలామంది 'అప్పుడు బ్రాడ్‌బ్యాండ్‌లో పోనీ' అంటారు. నీ విషయంలో అది కీడే చేస్తుంది. వేరే ఐపీ నుంచి వస్తే బ్యాంకు రానివ్వదు. రానివ్వకపోతే అకౌంట్స్ వాళ్ళు పాస్‌వర్డ్ తప్పేమో అనుకుంటారు, మళ్ళీ మళ్ళీ కొట్టి ఖాతా లాక్ చేసుకుంటారు. 31వ తేదీన అది జరిగితే నీ గతేంటో నువ్వే ఆలోచించు. అసలు సైటే తెరుచుకోకపోవడం మేలు, లైను పోయిందని అందరికీ అర్థమవుతుంది. పీఎఫ్‌సెన్స్ మామూలుగా గేట్‌వే పడిపోతే ఆ రూలును గేట్‌వే లేకుండా నడిపిస్తుంది, అంటే చప్పుడు చేయకుండా డిఫాల్ట్ దారికి మళ్ళుతుంది. అలా కాకూడదంటే గేట్‌వే పడినప్పుడు రూలును వదిలేయమనే టిక్ సెట్టింగుల్లో పెట్టి, కిందనే ఒక బ్లాక్ రూలు రాయాలి.

లైను బతికుందో లేదో తెలుసుకోవడానికి పక్కనే ఉన్న మోడెమ్‌ను పింగ్ చేస్తే లాభం లేదు. బయట జేసీబీ ఫైబర్‌ను పెకిలించినా, మీ ర్యాకులో ఉన్న మోడెమ్ నిక్షేపంగా బదులిస్తూనే ఉంటుంది. బయట దూరంగా ఉన్న అడ్రసును పెట్టు, ఒక్కో లైనుకు ఒక్కోటి. ఒక లైనుకు 8.8.8.8, ఇంకో లైనుకు 1.1.1.1 పెట్టేవాళ్ళే ఎక్కువ.

పరీక్షించేటప్పుడు ఒక మాట. అప్పటికే నడుస్తున్న సెషన్లు (కనెక్షన్లు) చాలాసార్లు పాత దారినే పట్టుకుని ఉంటాయి. రూలు మార్చి, పనిచేయలేదని ఇంకో రూలు రాసి, దాని మీద మరొకటి రాసి, చివరికి ఏది పనిచేసిందో తెలియని స్థితికి వస్తారు. ఒక అకౌంట్స్ కంప్యూటర్ సెషన్లు మాత్రం తుడిచేసి, అందులో 'నా ఐపీ ఏంటి' చూపించే పేజీ తెరువు. స్టాటిక్ ఐపీ కనిపించిందా, ప్రింటర్ వచ్చిందా? అయితే వెళ్ళి పడుకో.

ప్రశ్న: మేడమ్ గారూ, ఎలక్ట్రానిక్ సిటీలో మాది చిన్న కంపెనీ. ఫైర్‌వాల్‌గా లినక్స్ మిషన్ పెట్టుకున్నాం. క్లయింట్లు ఫైళ్ళు పంపే ఎస్‌ఎఫ్‌టీపీ సర్వర్ లోపల ఉంది, లీజ్డ్ లైను పబ్లిక్ ఐపీ నుంచి దానికి పోర్ట్ ఫార్వర్డ్ చేశాం, అంటే ఆ ఐపీకి వచ్చేవి సర్వర్‌కు పంపిస్తున్నాం. గత వారం డిఫాల్ట్ రూట్‌ను బ్రాడ్‌బ్యాండ్‌కు మార్చాం. అప్పటినుంచి బయటివాళ్ళు ఎవరూ కనెక్ట్ కాలేకపోతున్నారు. ఫైర్‌వాల్ లాగ్‌లో ప్యాకెట్ వచ్చినట్టు, అనుమతించినట్టు ఉంది. సర్వర్ కూడా బదులిస్తోంది. మరి ఎక్కడ పోతోంది?
(హోసూర్ రోడ్డు నుంచి)

జవాబు: మీ ప్రశ్న చదవగానే నాకు పెద్ద బరువు మీద పడ్డట్టయింది. ఎందుకో చివర్లో చెప్తాను.

బయటినుంచి ప్యాకెట్ లీజ్డ్ లైనులో వచ్చింది, సర్వర్‌కు చేరింది. సర్వర్ బదులు రాసింది. ఆ బదులు ఫైర్‌వాల్‌కు వచ్చాక అది అడిగే ప్రశ్న మళ్ళీ అదే: 'ఎక్కడికి?' 'బయట ఫలానా అడ్రసుకు.' 'అయితే డిఫాల్ట్ దారి, బ్రాడ్‌బ్యాండ్.' ఆ కనెక్షన్ వచ్చింది లీజ్డ్ లైనులో అని ఫైర్‌వాల్‌కు గుర్తుండదు, గుర్తుంచుకోమని మీరు చెప్పనూ లేదు. నాట్ మాత్రం గుర్తుపెట్టుకుని బదులు మీద లీజ్డ్ లైను అడ్రసే వేస్తుంది. అంటే లీజ్డ్ లైను అడ్రసు వేసుకున్న ప్యాకెట్ బ్రాడ్‌బ్యాండ్ గుమ్మంలోంచి బయటికి పోతోంది. బ్రాడ్‌బ్యాండ్ వాళ్ళు 'ఈ అడ్రసు మాది కాదే' అని పారేస్తారు. దొంగ అడ్రసులతో దాడులు జరగకుండా అలా వడపోయమని 2000 మే నెలలో ఆర్ఎఫ్‌సీ 2827 సలహా ఇచ్చింది. వాళ్ళది తప్పేమీ లేదు.

లినక్స్‌లో మందు ఉంది, 1999లో వచ్చిన 2.2 కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) నుంచీ ఒకటికి మించి రౌటింగ్ టేబుళ్ళు పెట్టుకోవచ్చు. లీజ్డ్ లైనుకని వేరే టేబుల్ తయారుచేయండి, అందులో డిఫాల్ట్ దారి లీజ్డ్ లైను గేట్‌వే. లీజ్డ్ ఇంటర్‌ఫేస్ (ఆ లైను తగిలించిన గుమ్మం) నుంచి కొత్తగా వచ్చే ప్రతి కనెక్షన్‌కూ ఒక గుర్తు వేయండి, ఆ గుర్తును కనెక్షన్ ట్రాకింగ్‌లో దాచండి. దీన్నే కాన్‌మార్క్ అంటారు. లోపలి నుంచి బదులు వచ్చినప్పుడు దాచిన గుర్తును తిరిగి ప్యాకెట్ మీద వేయండి. ఆ గుర్తున్న ప్యాకెట్లన్నీ లీజ్డ్ టేబుల్ చూడాలని ఐపీ రూల్ ఒకటి రాయండి. గుడి ముందు చెప్పులు వదిలితే టోకెన్ ఇస్తారే, అలాంటిదే. ఏ కౌంటర్లో వదిలామో మనం మర్చిపోయినా టోకెన్ మర్చిపోదు.

రూళ్ళ వరుసలో మెయిన్ టేబుల్ 32766 దగ్గర ఉంటుంది, మీ రూలు నంబరు దానికంటే తక్కువ ఉండాలి. చిన్న నంబరునే ముందు చూస్తుంది. పైన తమ్ముడికి చెప్పిన ఎదురింటి పిల్ల కథ ఇక్కడా ఉంది. మీ రూలుకు ముందు, మెయిన్ టేబుల్‌ను డిఫాల్ట్ దారి మినహాయించి చూడమనే రూలు పెట్టండి, సప్రెస్ ప్రిఫిక్స్‌లెంగ్త్ సున్నా అనే మాట దానికోసమే. లోపలివి లోపలే తేలిపోతాయి, మిగిలినవే కిందికి దిగుతాయి.

టీసీపీడంప్‌లో (వచ్చీపోయే ప్యాకెట్లను చూపించే పనిముట్టులో) ప్యాకెట్ వస్తున్నట్టు కనిపించి, ఫైర్‌వాల్ లాగ్‌లో అసలు పడకపోతే అది వేరే జబ్బు. ఆర్‌పీ ఫిల్టర్ అనే లినక్స్ సెట్టింగు 1 మీద ఉంటే, 'ఈ అడ్రసుకు నేను ఈ గుమ్మంలోంచి పోను కదా, మరి ఇది ఈ గుమ్మంలో ఎలా వచ్చింది' అని కెర్నెలే చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. లీజ్డ్ ఇంటర్‌ఫేస్‌కు దాన్ని 2 చేయండి. మీ లాగ్‌లో కనిపిస్తోంది కాబట్టి మీకు ప్రస్తుతం అది అడ్డు కాదు, కానీ ఎవరో ఒకరు ఇంటర్నెట్‌లో చదివి ఎప్పుడో ఒకప్పుడు 1 చేస్తారు.

లినక్స్ కాకుండా రెడీమేడ్ ఫైర్‌వాల్ ఉన్నవాళ్ళకు ఇంత శ్రమ లేదు. పాలో ఆల్టోలో సిమెట్రిక్ రిటర్న్ అనే టిక్ ఉంటుంది. పీఎఫ్‌సెన్స్ వాన్ (బయటి లైను) ఇంటర్‌ఫేస్ రూళ్ళకు రిప్లై టు అనేదాన్ని తనే తగిలిస్తుంది.

ఇక ఆ బరువు సంగతి. మాది హిందూపురం. కొన్నేళ్ళ కిందట సంక్రాంతికి ఊరెళ్ళాను. భోగి ముందు రాత్రి, అందరూ పడుకున్నాక, అరిసెల డబ్బా పక్కన పెట్టుకుని ల్యాప్‌టాప్ తెరిచాను. అప్పట్లో నేను పనిచేసే కంపెనీ ఆఫీసుకు వీపీఎన్‌లో (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే దారిలో) వెళ్ళి, సరిగ్గా మీరు చేసిన మార్పే చేశాను: డిఫాల్ట్ రూట్‌ను ఇంకో లైనుకు మార్చి అప్లై నొక్కాను. స్క్రీన్ బిగుసుకుపోయింది. నేను వచ్చిన వీపీఎన్ పాత లైను అడ్రసుకు. నాకు రావాల్సిన బదుళ్ళు కొత్త లైనులోంచి పోతున్నాయి. కూర్చున్న కొమ్మను నేనే నరుక్కున్నాను. రాత్రి డ్యూటీలో ఉన్న సెక్యూరిటీ అన్నకు ఫోన్ చేసి, సర్వర్ రూములో ఫలానా డబ్బా ప్లగ్గు పీకి పెట్టమన్నాను. పాపం పీకి పెట్టాడు. ఆ ఫైర్‌వాల్‌లో అప్లై అంటే సేవ్ కూడా అయిపోయినట్టే. తిరిగి లేచి అదే తప్పు మళ్ళీ చేసింది. తెల్లవారుజామున ఊళ్ళో భోగి మంటలు వేస్తుంటే నేను బెంగళూరు బస్సులో ఉన్నాను. వంద కిలోమీటర్లు వచ్చి ఆ డబ్బాకు కన్సోల్ కేబుల్ తగిలించి, ఒక్క లైను మార్చి, మళ్ళీ బస్సెక్కాను. మా అమ్మ ఇప్పటికీ ప్రతి భోగికీ ఆ మాట ఎత్తుతుంది.

అప్పటినుంచి దూరం నుంచి రౌటింగ్ మార్చాల్సి వస్తే ముందే తాడు కట్టుకుంటాను. జునిపర్‌లో కమిట్ కన్‌ఫర్మ్డ్ అని ఇస్తే, పది నిమిషాల్లో మనం మళ్ళీ ఖాయం చేయకపోతే అదే పాత స్థితికి వెళ్ళిపోతుంది. సిస్కో రౌటర్లలో మార్పు సేవ్ చేయకుండా, పది నిమిషాల తర్వాత రీలోడ్ అవ్వమని ముందే చెప్పి ఉంచొచ్చు. మైక్రోటిక్‌లో సేఫ్ మోడ్ ఉంది. ఇవేవీ లేని డబ్బా అయితే పండక్కి ఊరెళ్ళినప్పుడు ముట్టుకోకండి.

ప్రశ్న: యూట్యూబ్ ఒక్కటీ బ్రాడ్‌బ్యాండ్‌లో, మిగతావన్నీ లీజ్డ్ లైనులో పంపాలి. అప్లికేషన్ పేరుతో పాలసీ రూట్ రాశాను. ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. ఎందుకు?
(మారతహళ్ళి నుంచి)

జవాబు: దారి ఎంచుకోవాల్సింది మొదటి ప్యాకెట్‌కు. అది యూట్యూబ్ అని తెలిసేది తర్వాత. టీసీపీలో మూడు ప్యాకెట్ల పలకరింపు అయ్యాక, టీఎల్‌ఎస్ (రహస్యంగా మాట్లాడుకునే పద్ధతి) మొదటి మాటలో గానీ సైటు పేరు బయటపడదు. అప్పటికి సెషన్ ఒక లైనులో, ఆ లైను అడ్రసుతో మొదలైపోయి ఉంటుంది. మధ్యలో లైను మార్చితే అవతలి సర్వర్‌కు మీరు కొత్త మనిషి. అందుకని ఫైర్‌వాళ్ళు ముందు చూసిన అడ్రసులను గుర్తుపెట్టుకుని రెండోసారి నుంచి సరైన దారిలో పంపుతాయి, లేదా కంపెనీ ఇచ్చే అడ్రసుల జాబితా వాడతాయి. మీకు ఒకసారి అవును, ఒకసారి కాదు అనిపించేది అందుకే. పైగా యూట్యూబ్‌కూ గూగుల్ మిగతా సేవలకూ అడ్రసులు కలిసిపోయి ఉంటాయి. వీడియోను మళ్ళించబోతే మీ మెయిల్ కూడా దాని వెంట పోవచ్చు.

నన్నడిగితే ఆ రూలు తీసేయండి. యూట్యూబ్ ఎక్కువ చూసేది ఎవరో మీకు తెలుసు, నాకూ తెలుసు: ఫోన్లు. ఫోన్లన్నిటికీ వేరే వైఫై, వేరే వీలాన్ ఇచ్చి, ఆ వీలాన్‌ను మొత్తంగా బ్రాడ్‌బ్యాండ్‌కు పంపండి.

ప్రశ్న: ఇంట్లో రెండు కనెక్షన్లున్నాయి. వర్క్ ఫ్రమ్ హోమ్ కోసం పాలసీ రౌటింగ్ నేర్చుకోవాలా?
(కాడుగోడి నుంచి)

జవాబు: అక్కర్లేదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ఒక వైఫైకి, టీవీని రెండో వైఫైకి కలపండి.

ప్రశ్న: అమ్మా, మీ శీర్షిక మా అబ్బాయి కోసం వచ్చే పుస్తకంలో చూశాను. వాడు ఇక్కడే నెట్‌వర్క్ ఉద్యోగం చేస్తాడు. నేను అనంతపురం నుంచి వచ్చి రెండు నెలలైంది, హూడిలో వాడి దగ్గరే ఉన్నాను. శనివారం వస్తే చాలు, రాత్రి పదకొండుకు 'చేంజ్ విండో ఉందమ్మా' అని బయల్దేరతాడు, తెల్లారి వస్తాడు. ఆ కిటికీ ఏదో రాత్రిపూటే మార్చాలా? నిజంగా పనికే వెళ్తున్నాడా? మీరు కూడా ఆడపిల్ల, నిజం చెప్పండి.
(ఒక తల్లి)

జవాబు: పనికే వెళ్తున్నాడమ్మా. పైన ఆడిటింగ్ ఆఫీసు అబ్బాయి ఉత్తరం చదివించుకుని వినండి. పట్టపగలు రూలు మార్చి సార్ ముందు నిలబడ్డాడు చూడండి, అలా నిలబడకుండా ఉండాలని మీవాడు అందరూ పడుకున్నాక మారుస్తున్నాడు. కిటికీ అంటే మార్పు చేసుకోవడానికి ఇచ్చిన గడువు, రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా అని ఉంటుంది. ఆలోపు మార్చాలి, పరీక్షించాలి, కుదరకపోతే పాతది తిరిగి పెట్టేయాలి. మార్చడానికి పట్టేది పది నిమిషాలే. మిగతాదంతా చూసుకోవడానికే.

వచ్చే శనివారం డబ్బాలో పులిహోర పెట్టివ్వండి, చల్లారినా తినొచ్చు. ఆ టైములో ఆఫీసు క్యాంటీన్ మూసి ఉంటుంది. ఆదివారం పదకొండు దాకా లేపకండి. ఫోన్ మాత్రం తీసి పక్క గదిలో దాచకండి, మా అమ్మ ఒకసారి ఆ పని చేసింది.